బీటా సెక్రెటేజ్‌ను ఆపేస్తే అల్జీమర్స్ ఆగుతుందా?

అల్జీమర్స్ జబ్బుకు మూలం బీటా సెక్రెటేజ్ అనే ఒక ఎంజైమే అయితే దాన్ని మందుతో ఆపొచ్చు కదా అన్నది ప్రశ్న. ఆపి చూశారు, జబ్బు ఆగలేదు.

నాడీకణం పొరలో ఏపీపీ అనే ప్రొటీన్ ఉంటుంది. అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకునే బీటా అమిలాయిడ్ దానిలోని ఒక భాగమే. ఏపీపీని కోసే ఎంజైమ్‌లే సెక్రెటేజ్‌లు. ఆల్ఫా సెక్రెటేజ్ దాన్ని కోస్తే ఇబ్బంది లేదు, ఆ కోత అమిలాయిడ్ భాగం మధ్యలోనే పడుతుంది. ముందు బీటా, తర్వాత గామా సెక్రెటేజ్ కోస్తేనే బీటా అమిలాయిడ్ ఊడి వస్తుంది. గామా కోత ప్రతిసారీ ఒకే చోట పడదు. ఎక్కువగా 40 అమైనో ఆమ్లాల ముక్క, కొంత 42ది వస్తాయి. 42 ముక్క చివర అదనంగా ఉండే రెండు అమైనో ఆమ్లాలు, ఐసోల్యూసిన్, అలనిన్, నీటికి పడనివి. అందుకే 42 ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని, చివరికి కణాల బయట ఫలకాలుగా పేరుకుంటాయి.

బీటా సెక్రెటేజ్‌ను అడ్డుకునే వెరుబెసెస్టాట్ అనే మందు అమిలాయిడ్‌ను బాగానే తగ్గించింది. అయినా మతిమరుపు తగ్గలేదు, తొలిదశ రోగుల్లో కాస్త పెరిగింది కూడా. 2018 నాటికి పరీక్షలు నిలిపేశారు. ఆ ఎంజైమ్‌కు నరాల మయలిన్ తొడుగు తయారీలోనూ పని ఉంది. పైగా లక్షణాలు కనబడేసరికి అమిలాయిడ్ పదిహేనేళ్లకు పైగా పేరుకుని ఉంటుంది. అప్పటికే కణం లోపల జీఎస్‌కే-3 వంటి కైనేజ్‌లు (ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌లు), నాడీకణం ఆకృతిని నిలబెట్టడంలో తోడ్పడే టౌ ప్రొటీన్‌కు అతిగా ఫాస్ఫేట్ తగిలించి, చిక్కుముడులు పడేలా చేసి ఉంటాయి.

అల్జీమర్స్‌కు డాక్టర్లు రాసే డోనెపెజిల్ మందు అడ్డుకునేది వేరే ఎంజైమ్‌ను: నాడీకణాల మధ్య సందేశాలు మోసే ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎసిటైల్‌కోలినెస్టరేజ్. మామూలుగా రాత్రిపూట 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, 4-6 వారాల తర్వాత 10కి పెంచుతారు. అమిలాయిడ్ జోలికి అది పోదు. నాడి (పల్స్) నెమ్మదించినా, కళ్లు తిరిగినా వెంటనే డాక్టరుకు చెప్పాలి.