వజ్రపు పొరల పరిశోధన: అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. కొబ్బరి తోట, కొంత వరి చేను ఉన్నాయి. మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడాదిలో ఉంది. నానో పోగుల (వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నని దారాల) సాయంతో సన్నని వజ్రపు పొరలు పెంచే పరిశోధన చేస్తానంటోంది. బీఈడీ చేసి టీచరైతే మేలని మా ఆలోచన. పెళ్లి ఆలస్యమవుతుందేమోనన్న దిగులూ ఉంది. ఆ చదువుకు బతుకుతెరువు ఉందా?

జవాబు: ఇది నగల సంగతి కాదండీ. వజ్రం రాగికన్నా దాదాపు 5 రెట్లు బాగా వేడిని లాగేస్తుంది. చిప్పులు వేడెక్కకుండా, కోత పనిముట్ల అంచులు అరగకుండా ఈ పూత కాపాడుతుంది.

పెంచే తీరు వరి రైతుకు సులువుగానే అర్థమవుతుంది. గాలి తోడేసిన గదిలోకి హైడ్రోజన్, అందులో నూటికి ఒక వంతు మీథేన్ (కార్బన్ ఉన్న వాయువు) పంపి ప్లాస్మాగా, అంటే విద్యుత్ శక్తితో మెరిసే వాయువుగా మారుస్తారు. సుమారు 800 డిగ్రీల వేడిలో ఉన్న సిలికాన్ పలక మీద కార్బన్ వజ్రంగా పేరుకుంటుంది. గ్రాఫైటుగా (పెన్సిల్ ములుకులోని మెత్తని కార్బన్‌గా) పేరుకున్నదాన్ని హైడ్రోజన్ పరమాణువులు తినేస్తాయి. అయితే వట్టి సిలికాన్ మీద వజ్రం మొలవదు, విత్తనం చల్లాలి. నానో వజ్రపు రేణువులు కలిపిన పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) ద్రావణాన్ని వేల వోల్టుల విద్యుత్తుతో పోగులుగా సాగదీసి పలక మీద పరుస్తారు. ప్లాస్మాలో పాలిమర్ చాలావరకు పోతుంది, గింజలు మిగులుతాయి. విత్తనం ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా పడిన నారుమడి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఈ పొరా అంతే, గింజలు సమంగా పడకపోతే మధ్యలో చిల్లులు మిగిలిపోతాయి.

బతుకుతెరువు గురించి దాచకుండా చెబుతాను. కేవలం వజ్రపు పొరలు తెలిసినవారి కోసం ఉద్యోగ ప్రకటనలు తరచుగా రావు. కానీ ఆ పనిలో ఆమెకు వాక్యూమ్ యంత్రాలు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, రామన్ స్పెక్ట్రోస్కోపీ (లేజరు కాంతితో పదార్థాన్ని గుర్తించే పద్ధతి) చేతికి అలవాటవుతాయి. సెమీకండక్టర్, పూతల పరిశ్రమలు ఆ నేర్పుకే జీతమిస్తాయి. అందుకే నేను మీ అమ్మాయి పక్షం.

చివరి ఏడాదిలో ఎమ్మెస్సీ ప్రవేశానికి ఐఐటీలు నిర్వహించే జామ్ పరీక్ష రాయించండి. ఫిజిక్స్ ఎమ్మెస్సీకి చాలాచోట్ల డిగ్రీలో గణితం అడుగుతారు. ఆమె మైనరు సబ్జెక్టు ఏమిటో ఈరోజే కనుక్కోండి, ఇక్కడ పొరపడిన పిల్లలను చూసి బాధపడ్డాను. ప్రయోగశాల వజ్రాల పరిశోధనకు కేంద్రం 2023 బడ్జెట్‌లో గ్రాంటు ప్రకటించాక ఐఐటీ మద్రాసులో దానికోసం ఒక కేంద్రం ఏర్పడింది. ఎమ్మెస్సీ తర్వాత జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్) సాధిస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు వస్తాయి, పీహెచ్‌డీ భారం మీ మీద పడదు. మొత్తం ఏడేళ్లు పట్టవచ్చు. పెళ్లి విషయంలో మీకున్న దిగులు అర్థమవుతోంది, దాన్ని ఆమెతోనే మనసువిప్పి మాట్లాడండి. మధ్యలో మనసు మారితే నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) రాసి డిగ్రీ కళాశాలలో అధ్యాపకురాలు కావచ్చు, బీఈడీ దారి కూడా మూసుకుపోదు.

గంటల తరబడి పెంచిన పొర చల్లారేటప్పుడు పెచ్చులుగా ఊడిపోవడం ఈ పనిలో మామూలే. దాన్ని ఆమె తట్టుకోగలదా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చలేం. జాతీయ సైన్స్ అకాడమీలు ఇచ్చే రెండు నెలల వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టించండి. తిరిగొచ్చాక ఆమె చెప్పేది విని, అప్పుడు నిర్ణయించండి.