గొట్టంలోని నత్త ఏం తింటుంది?

ప్రశ్న: మా రొయ్యల చెరువు తూముకు పట్టిన ఆలుచిప్పను పంపుతున్నాను. దాని మీద తెల్లని మెలికల గొట్టాలున్నాయి. లక్షద్వీప్‌లోని కవరత్తిలో ఉద్యోగం చేసే మా బాబాయి అక్కడి పగడాల మీద ఇలాంటివే చూశానని, వాటిలో నత్తలుంటాయని అంటున్నారు. కదలని నత్త ఎలా బతుకుతుంది? ముట్టుకుంటే కుడుతుందా?
– ఒక పాఠకురాలు, అంతర్వేది

జవాబు: చిప్ప చేరిందమ్మా. పోస్టులో ఒక గొట్టం విరిగింది, అదీ ఒకందుకు మంచిదే. భూతద్దంలో చూస్తే లోపలి గోడకు మెరుపు లేదు. నత్తదైతే నున్నగా మెరిసేది. ఇలాంటి గొట్టాలు కట్టుకునే సముద్రపు పురుగులూ ఉన్నాయి. నత్త గొట్టానికి మూడు పొరలు, పురుగు గొట్టానికి రెండే. మీకు దొరికినవి సెర్పులిడ్ అనే ఆ పురుగుల ఇళ్లు. బాబాయిగారు చూసినవి వెర్మెటిడ్ అనే, గొట్టం కట్టుకుని కదలకుండా బతికే నత్తలు కావచ్చు. ఖాళీ గొట్టాలను చూసి శాస్త్రజ్ఞులే తికమకపడిన సందర్భాలున్నాయి, ఆయనను ఆటపట్టించకండి. ఆయన చూసినట్టు పగడాల మీద చూద్దామంటే, గోదావరి తెచ్చే ఒండ్రుకూ వరదనీటికీ మన తీరంలో పగడపు దిబ్బలు పెరగవు.

వెర్మెటిడ్ పిల్ల పుట్టినప్పుడు మామూలు నత్తే, చక్కగా చుట్టుకున్న గుల్లతో ఉంటుంది. గట్టి చోటు చూసుకుని అతుక్కున్నాక చుట్టు విప్పుకుని, అడ్డదిడ్డంగా గొట్టం కట్టుకుంటూ పోతుంది. ఇక నడక లేదు కాబట్టి పాదానికి వేరే పని పడింది. అక్కడి గ్రంథి నుంచి జిగురు ఊరుతుంది. ఆ జిగురు దారాలు నీటిలో వలలా పరుచుకుంటాయి, తేలివచ్చే సూక్ష్మజీవులు, నలకలు వాటికి అంటుకుంటాయి. మన జాలరి వల లాగి చేపలు ఏరుకుంటాడు. ఇది వలతో సహా మింగేస్తుంది! గుంపుగా ఉన్నచోట ఇరుగుపొరుగు వలలు కలిసి ఒకటే అవుతాయి.

మీరు అడగలేదు గానీ, సంతానం సంగతి ఇంకా విచిత్రం. మగనత్త తన బీజాన్ని చిన్న పొట్లాలుగా నీటిలోకి వదులుతుంది. అవి కొట్టుకొచ్చి ఆడనత్త వలలో చిక్కుతాయి. గుడ్ల సంచులను ఆమె గొట్టంలోనే పెట్టుకుని కాపాడుతుంది.

ఈ వల కప్పిన పగడాలకు మాత్రం గడ్డుకాలమే. ఫ్రెంచ్ పాలినేషియాలోని మోరియా దీవిలో చేసిన పరిశోధన 2010లో వెలువడింది. కొన్ని పగడాల ఎదుగుదల 81 శాతం దాకా తగ్గినట్లు అందులో తేలింది.

కుట్టడమంటారా, ఆ భయం లేదు. గొట్టం అంచు మాత్రం చాలా పదును, ఉత్త కాళ్లతో తొక్కితే తెగుతుంది. అసలు పగడాల మీద కాలు పెట్టవద్దని బాబాయిగారికి నా మాటగా చెప్పండి.