మేక చెవిలో చీము: ఇంట్లో ఏం చేయొచ్చు, ఎక్కడ ఆగాలి

ప్రశ్న: డాక్టరు గారూ, మాది గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర పల్లె. మాకు 22 గంజాం మేకలున్నాయి. వానలు మొదలైనప్పటి నుంచి మూడింటికి చెవులు బాగోలేదు. ఒకదానికి చెవిపోగు (నంబరు బిళ్ల) వేసిన చోట పుండై పురుగులు పట్టాయి. రెండోది రోజంతా తల విదిలిస్తూ చెవిని దడికేసి రాసుకుంటోంది, లోపల బూడిద రంగు చెక్కు కట్టింది. మూడోది చూడి మేక. దాని కుడి చెవిలోంచి చీము కారుతోంది, వాసన వస్తోంది, రెండు రోజులుగా తల ఒక పక్కకే వంచుకుని ఉంటోంది. కిరసనాయిలు పోయమని ఒకరు, వెల్లుల్లి వేసి కాచిన ఆవనూనె పోయమని ఇంకొకరు అంటున్నారు. మా పిల్లాడికి రాసిన చెవి చుక్కల మందు సగం సీసా మిగిలింది. పశువుల ఆసుపత్రి దూరం. ఇంట్లోనే నయం చేసుకోవచ్చా?

జవాబు: మీరు మూడో మేకని చివర్లో చెప్పారు గానీ, నేను దానితోనే మొదలుపెడతాను. మిగతా రెండింటికీ ఇంట్లో చేయగలిగింది కొంత ఉంది. ఈ చూడి మేకకి మాత్రం ఇంటి వైద్యం వద్దు. ఈ పూటే పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేయండి, లేదా మీకు దగ్గర్లో ఉన్న లైవ్‌స్టాక్ ఎయిడ్ సెంటర్‌లో లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరు (ఎల్.ఐ.) గారికి కబురు పెట్టండి.

ఎందుకంటే, చెవి బయటి గొట్టంలో మాత్రమే చీముంటే మేక తల విదిలిస్తుంది, గోక్కుంటుంది. తలని ఒకే పక్కకి వంచేసి అలాగే ఉంచిందంటే, చీము కర్ణభేరి దాటి లోపలి భాగానికి చేరిందని అనుమానించాలి. శరీరాన్ని తూలకుండా నిలబెట్టే ఏర్పాటు అక్కడే ఉంటుంది. పక్కనే ముఖానికి వెళ్లే నరం ఉంటుంది. అది దెబ్బతింటే ఆ వైపు చెవి, కనురెప్ప వాలిపోతాయి, నెమరు వేసేటప్పుడు మేత నోటి పక్క నుంచి జారిపోతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. తల వంచడం, గుండ్రంగా తిరగడం లిస్టీరియా అనే మెదడు జబ్బులోనూ కనిపిస్తాయి. చెవి జబ్బున్న మేక తల వంకరగా ఉన్నా చురుగ్గానే ఉంటుంది, మేత దగ్గరికి వస్తుంది. లిస్టీరియా వచ్చినది దిగులుగా మూల నిలబడుతుంది, జ్వరం ఉంటుంది, చొంగ కారుస్తుంది. మేకల్లో ఈ జబ్బు ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. చొంగ కారుతుంటే ఉత్త చేతిని దాని నోట్లో పెట్టకండి, పిచ్చికుక్క కరిచిన పశువు కూడా అలాగే ఉండొచ్చు. థర్మామీటరు ఉంటే ఆసనంలో పెట్టి చూడండి. మేకకి 101.5 నుంచి 103.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలే. 104 దాటితే ఫోన్‌లో ఆ మాట తప్పకుండా చెప్పండి.

ఇక కిరసనాయిలు. దయచేసి పోయకండి. చెవి లోపలి చర్మం చాలా పలచన, కిరసనాయిలు పడితే కమిలి పొరలు పొరలుగా ఊడుతుంది. అలా పోసిన మేకనొకదాన్ని నేను చూశాను. అసలు జబ్బు చిన్నదే, పిడుదు పట్టింది, అంతే. తీసేస్తే పోయేది. కిరసనాయిలు పోశాక ఆ చెవిని ముట్టుకోనివ్వలేదు, వారం రోజులు సరిగ్గా మేయలేదు. ఫినాయిలు, డెట్టాల్ కూడా ఇంతే.

నూనె వద్దనడానికి కారణం వేరు. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే పోసిందల్లా నేరుగా లోపలికి దిగుతుంది. మీ పిల్లాడి చుక్కల మందుతోనూ అదే భయం. చెవి చుక్కల్లో కొన్నింటిలో జెంటామైసిన్ లాంటి మందులుంటాయి. చిల్లున్న చెవిలో పడితే అవి వినికిడినే పోగొట్టగలవు. కర్ణభేరి బాగుందో లేదో ఇంట్లో టార్చి వేసి చూస్తే తెలియదు, చెవి గొట్టం లోపల వంపు తిరిగి ఉంటుంది. కాబట్టి చూసేవాళ్లు చూసి చెప్పేదాకా మీ మూడు మేకల్లో దేనికీ చెవి లోపలికి ఏదీ పోయొద్దు. బయట మీరు చూసుకోండి, లోపల డాక్టరు చూస్తారు.

చెవిపోగు పుండు బయటి డొప్ప మీదే కాబట్టి అది మీ చేతిలో పనే. మేకని గోడ వారకి నిలబెట్టి, మీ రెండు మోకాళ్ల మధ్య భుజాలు ఇరికించి, గడ్డం కింద చెయ్యి వేసి పట్టుకోండి. కొమ్ములు పట్టి లాగితే ఇంకా బెదురుతుంది. పుండు చుట్టూ వెంట్రుకలు కత్తిరించండి. అర లీటరు నీళ్లు కాచి, ముప్పావు టీ చెంచా ఉప్పు వేసి గోరువెచ్చగా చల్లార్చండి. లేదంటే మెడికల్ షాపులో సెలైన్ సీసా కొనండి. శుభ్రమైన నూలుగుడ్డ తడిపి, చెవి రంధ్రం నుంచి బయటికి తుడవండి, లోపలికి కాదు. డొప్పని కిందికి వంచి పట్టుకుంటే నీళ్లు రంధ్రంలోకి పోవు.

పురుగులు కనిపిస్తున్నంత వరకు చిన్న పట్టకారుతో ఒక్కొక్కటే తీసి వేడినీళ్లలో వేయండి. నేల మీద పారేస్తే మట్టిలో దూరి ఈగలై మళ్లీ వస్తాయి. లోతుగా దూరినవి ఉంటే, సీతాఫలం ఆకు ముద్దగా నూరి ఒక్క రోజు పుండు మీద పెట్టండి. మర్నాటి నుంచి జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ రైతులకి నేర్పుతున్న నూనె వాడొచ్చు. కుప్పింటాకు, వేపాకు, తులసి, గోరింటాకు తలా ఒక గుప్పెడు, పది వెల్లుల్లి రెబ్బలు, 20 గ్రాముల పసుపు కలిపి నూరి, అర లీటరు కొబ్బరి నూనెలో గానీ నువ్వుల నూనెలో గానీ కాచి చల్లార్చాలి. మీకు అంత అక్కర్లేదు, పావు వంతు చేసుకోండి. పుండు కడిగి రోజుకి రెండుసార్లు పూయండి. ఇది కూడా డొప్ప మీద పుండుకే. రంధ్రంలోంచి పురుగులు వస్తుంటే మాత్రం ఆగండి, డాక్టరు తీయాల్సిందే. పోగు బిగుసుకుపోయి చర్మంలో దిగబడితే మీరు కోయకండి, దాని మీదున్న 12 అంకెల నంబరు రాసుకుని సిబ్బందికి చెప్పండి, తీసి మళ్లీ వేస్తారు.

తల విదిలించే రెండో మేక చెవి మొదలు దగ్గర బొటనవేలితో మెల్లగా రుద్ది చూడండి. హాయిగా మీ చేతి మీదకి వాలి, వెనక కాలు గోకుతున్నట్టు ఆడించిందంటే అది దురద. చప్పున తల లాక్కుంటే నొప్పి. చెక్కు కట్టి, దురద ఉందంటే ఎక్కువగా చెవి గజ్జి పురుగులే. ఇవి ఒక మేక నుంచి ఇంకో మేకకి అంటుకుంటాయి, అందుకే దీన్ని వేరే కట్టేయండి, మిగతా 21 మేకల చెవులూ చూడండి. చెక్కు గోటితో గీకకండి, రక్తం వస్తుంది. దీనికి ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ పనిచేస్తుంది. ఒక శాతం మందైతే 50 కిలోల బరువుకి ఒక మి.లీ., అంటే 25 కిలోల మేకకి అర మి.లీ., చర్మం కింద వేస్తారు. గుడ్ల మీద ఇది పనిచేయదు గనక 10 నుంచి 14 రోజులకి ఇంకోసారి వేయించాలి. చాలామంది ఒకసారి వేయించి, దురద తగ్గిందని రెండోది మానేస్తారు, నెల తిరక్కుండా మళ్లీ మొదలవుతుంది. ఆ మందుని చెవిలో చుక్కలుగా వేయకూడదు. పాలు ఎన్నాళ్లు వాడకూడదో, మాంసానికి ఎన్నాళ్లు అమ్మకూడదో ఇంజెక్షన్ వేసినవారినే అడగండి.

ఒక్క చెవిలోనే, ఉన్నట్టుండి మొదలైతే కొండవారన మేసినప్పుడు దూరిన గడ్డి ముల్లో, పిడుదో అయి ఉండొచ్చు. కంటికి కనిపించి వేలికి అందితే తీయండి. అగ్గిపుల్ల, చీపురుపుల్ల, ఇయర్ బడ్ పెట్టి కెలకొద్దు, ఉన్నది ఇంకా లోపలికి పోతుంది.

మళ్లీ చూడి మేక దగ్గరికి. డాక్టరు వచ్చేలోపు దాన్ని గట్టు, నుయ్యి దగ్గర కాకుండా చదునైన చోట, వాన తగలకుండా కట్టండి. తూలి పడుతుంటే రెండు పక్కలా గడ్డి మోపులు ఆనించండి. నీళ్లు, మేత తల వంగిన వైపే అందేలా పెట్టండి. కారిన చీము వరకు తడిగుడ్డతో తుడవండి, మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ ఏదీ వేయొద్దు. సగం మోతాదు పడితే ఆ తర్వాత సరైన మందూ పనిచేయకపోవచ్చు. వాపుకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయడం మామూలే గానీ, నెలలు నిండుతున్న మేకకి అది పడితే ఈసుకుపోయే (గర్భం పోయే) ప్రమాదం ఉంది. అందుకని ఫోన్ ఎత్తగానే మొదటి మాటగా అది ఎన్నో నెల చూడో చెప్పండి.