లైబ్రరీ వెబ్‌సైట్లకి మార్కులు వేసేముందు

అమ్మాయీ,

నీ ప్రాజెక్టుకి కాకినాడ నుంచి భీమవరం దాకా కాలేజీల లైబ్రరీ వెబ్‌సైట్లు తీసుకున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. నువ్వు పంపిన చెక్‌లిస్టు చూశాను. కేటలాగ్ ఉందా, ఈ-రిసోర్సెస్ ఉన్నాయా అంటూ అన్నీ అవును, కాదు ప్రశ్నలే. దాంతో లాభం లేదమ్మా. ప్రతి అంశానికీ మూడు గళ్లు గీసుకో: ఉందా, తెరుచుకుందా, కావలసింది దొరికిందా.

కేటలాగ్ దగ్గర తీరిగ్గా కూర్చో. వీరేశలింగం గారి మీద పుస్తకాలు వెతుకు. ముందు తెలుగులో కొట్టు, తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు రకాల స్పెల్లింగులతో కొట్టు. దేనికెన్ని వచ్చాయో రాసుకో. పుస్తకాలు ఎక్కించినవాళ్లు వాడిన స్పెల్లింగే కొడితే తప్ప కొన్ని రావు. పుస్తకం బీరువాలోనే ఉంటుంది, పిల్లలేమో లేదనుకుని వెళ్లిపోతారు. లైబ్రేరియన్‌గా నాకు దీన్ని మించిన బాధ లేదు. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారని మాత్రం మార్కు వెయ్యకు, వెతికితే దొరికిందా అన్నదే చూడు.

ఈ-రిసోర్సెస్ పేజీని కాలేజీ వైఫైలో చూస్తే మోసపోతావు. చాలా జర్నల్స్ క్యాంపస్ ఐపీ అడ్రసుని, అంటే కాలేజీ ఇంటర్నెట్ గుర్తింపు నంబరుని బట్టే తెరుచుకుంటాయి. అంబాజీపేట నుంచి బస్సులో వచ్చిపోయే పిల్ల రాత్రిపూట ఇంట్లో, ఫోన్లో, సొంత డేటాతో చూసినట్టు చూడు. కాలేజీలకి ఈ-జర్నల్స్, ఈ-పుస్తకాలు అందించే ఎన్-లిస్ట్ ఐతే కాలేజీ ఇచ్చే లాగిన్‌తో ఇంటి నుంచీ వాడుకోవచ్చు. ఆ లాగిన్ ఎవర్ని అడగాలో పేజీలో రాశారా? ఉత్త లోగో పెట్టి వదిలేస్తే సున్నా వెయ్యి, మొహమాటపడకు. పీహెచ్‌డీ థీసిస్‌లు ఉండే శోధ్‌గంగ ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, లింకు పెట్టడం గొప్పేం కాదు. ఎలా వాడాలో తెలుగులో నాలుగు ముక్కలు రాసినవాళ్లని మెచ్చుకో.

టైమింగ్స్, సెలవులు, ఫోన్ నంబరు త్వరగా తేలిపోతాయి. నంబరుకి ఒకసారి ఫోన్ చెయ్యి. 'కొత్త పుస్తకాలు' అన్నచోట తేదీ చూడు.

మన దేశంలో లైబ్రరీ సైన్సుకి ఆద్యుడైన రంగనాథన్ గారు 1931లో ఇచ్చిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చెయ్యమంటుంది. అందుకని సెకండియర్ పిల్లల్ని కొందరిని కూర్చోబెట్టి, సైట్లోంచి పాత ప్రశ్నపత్రం ఒకటి తియ్యమను. ఎంతసేపు పట్టిందో, ఎక్కడ ఆగిపోయారో రాసుకో. తడబడినా నువ్వు చెప్పకు.

ఇంకొకటి. కాలేజీల నాణ్యత చూసి గుర్తింపునిచ్చే న్యాక్ పరిశీలన ఉందంటే సైట్ల రూపు మారిపోతుంది. చూసిన రోజే స్క్రీన్‌షాట్ తీసి తేదీ వేసుకో. నీ స్నేహితురాలి చేత కూడా విడిగా మార్కులు వేయించు, ఇద్దరికీ తేడా వచ్చినచోట మళ్లీ చూడండి. చెక్‌లిస్టు మార్చాక నాకు పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న