టైల్స్ సందులు నల్లబడితే ఇంట్లోనే శుభ్రం చేసి రంగు వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. నేను రెండుసార్లు వేశాను. మొదటిది నెల తిరక్కుండానే పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. రెండోది మూడేళ్లయినా చెక్కుచెదరలేదు. రెండుసార్లూ ఒకే కంపెనీ రంగు, కాబట్టి డబ్బాని తిట్టుకునే అవకాశం కూడా లేదు.

అసలు తప్పు రంగు కంటే ముందే జరిగింది. బాత్రూమ్ సందులు మసిబారాయని ఒక ఆదివారం యాసిడ్ సీసా పట్టుకుని దిగాను. పోయగానే బుసబుసమని నురగ! "చూడు, మురికి ఎలా వదులుతోందో" అని గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడకి గొప్పగా చూపించాను. కడిగాక నిజంగానే తెల్లబడింది. ఆరాక వేలితో రాస్తే ఇసుకలా రాలింది. నురగలో పోయింది మురికి ఒక్కటే కాదు, గ్రౌట్ కూడా, అంటే టైల్స్ సందుల్లో నింపే సిమెంటు ముద్ద. సిమెంటు గ్రౌట్‌లోని కాల్షియం కార్బొనేట్‌ని యాసిడ్ తినేస్తుంది, ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్. పైపొర గరుకైపోయాక మురికి ఇంకా తొందరగా పడుతుంది. వెనిగర్ చేసేదీ అదే పని, కాకపోతే నిదానంగా. యాసిడ్‌కి బ్లీచింగ్ కలిపితే మాత్రం క్లోరిన్ వాయువు వస్తుంది, ఆ ప్రయోగం అస్సలు వద్దు.

పైకి ఆరినట్టున్నా లోపల తడి ఉన్న ఆ సందుల మీదే సాయంత్రం తెల్లరంగు పూశాను. ఫలితం పైన చెప్పాను కదా.

రెండోసారి, రాలిన చోట్ల గీకి కొత్త గ్రౌట్ నింపి, అది గట్టిపడేదాకా ఆగాను. మిగతా సందులకి సోడియం పర్‌కార్బొనేట్ అనే, మరకలు వదిలించే పొడిని గోరువెచ్చని నీళ్లలో కలిపి పోసి, పావుగంట నానబెట్టి నైలాన్ బ్రష్‌తో రుద్దాను. ఇనుప బ్రష్ వద్దు, గీతలు పడతాయి. సబ్బు జిడ్డు మిగిలితే రంగు పట్టదు కనక రెండుసార్లు కడిగాను. వీడియోల్లో అర నిమిషంలో తళతళలాడిపోతుంది, మోకాళ్ల నొప్పి సంగతి ఒక్కడూ చెప్పడు.

ఆ తర్వాత రెండు రోజులు ఆ బాత్రూమ్‌కి తాళం. ఇంట్లో అందరూ సణిగారు, నేను లొంగలేదు. తడి ఉందో లేదో తెలియాలంటే సందు మీద ప్లాస్టిక్ కాగితం ముక్క అంచులకి టేప్ వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే లోపలివైపు చెమ్మ కనిపిస్తే ఇంకో రోజు ఆగాల్సిందే. రంగు సన్న బ్రష్‌తో రెండు పూతలు వేశాను. టైల్ మీదికి పాకింది ఆరకముందే తుడిచేయాలి, లేకపోతే బ్లేడుతో గీక్కోవాలి. గోడ మూలల్లో రబ్బరులా మెత్తగా ఉండే సిలికాన్ ఉంటే దాని జోలికి పోకండి, దానికి రంగు అంటదు.

ఈసారి బూడిదరంగు వేశాను. నేల మీద తెల్ల గ్రౌట్ పెట్టాలన్న ఆలోచన ఎవరిదో గానీ, వాళ్లు ఎన్నడూ ఇల్లు తుడిచి ఉండరు. మాప్ వేసిన మురికి నీళ్లన్నీ చేరేది పల్లంగా ఉన్న ఆ సందుల్లోకే కదా! బకెట్లో నీళ్లు మధ్యలో ఒకసారి మార్చమంటే మా ఇంట్లో నాకే చాదస్తం అంటారు.

తలుపు వెనక ఒక్క సందుకి రంగు వేయడం మర్చిపోయాను. ఇంటికి ఎవరొచ్చినా మా ఆవిడ తలుపు జరిపి మరీ అదే చూపిస్తుంది.