మీరడిగారు: పడవల్లో వచ్చినవాళ్ల మొహాలు ఎందుకు కనిపించలేదు?

ప్రశ్న: మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చదువుతోంది. ఆశ్రయం కోరి పడవల్లో వచ్చినవాళ్లను అక్కడి ప్రభుత్వం ఎక్కడో దీవుల్లో ఏళ్ల తరబడి ఉంచిందని, పత్రికలవాళ్లను దగ్గరికి రానివ్వలేదని తను చెబితే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఎన్నికలు, కోర్టులు, స్వేచ్ఛగా రాసే పేపర్లు అన్నీ ఉన్న దేశం కదా! సెన్సార్ లేకుండా వార్తల్ని ఎలా ఆపుతారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమేనండీ. పోలీసులు పేపర్ ఆఫీసుకి వెళ్లి ‘ఇది వేయొద్దు’ అనలేదు, ఆ అవసరమే రాలేదు. విలేకరి అక్కడికి వెళ్లలేక, ఫొటో అంటూ ఒకటి లేక, లోపల పనిచేసేవాళ్లు నోరు విప్పడానికి భయపడితే ఇక వేయడానికి ఏముంటుంది?

2001 ఆగస్టులో టాంపా అనే నార్వే సరుకు ఓడ మునిగిపోతున్న పడవ నుంచి 433 మందిని కాపాడింది, వాళ్లలో ఎక్కువమంది అఫ్ఘాన్లు. ఆస్ట్రేలియా ఆ ఓడను రేవుకి రానివ్వకుండా దాని మీదికి సైనికుల్ని ఎక్కించింది, విలేకరుల్ని దూరంగానే ఉంచింది. జనం టీవీలో చూసింది ఓడనే, అందులోని మనుషుల్ని కాదు.

అక్టోబరులో ఎన్నికల ప్రచారం జోరుమీద ఉండగా ఇంకోటి జరిగింది. పడవలో వచ్చినవాళ్లు తమ పిల్లల్ని సముద్రంలోకి విసిరేశారని మంత్రులు చెప్పారు, రుజువుగా ఫొటోలు కూడా విడుదల చేశారు. నీళ్లలో పిల్లలు, పెద్దలు, వాళ్ల పక్కన నేవీవాళ్లు. కానీ ఆ ఫొటోలు, పిల్లల్ని విసిరేశారన్న రోజుకి మర్నాడు, అక్టోబరు 8న పడవ మునిగిపోతుంటే నావికులు దూకి జనాన్ని కాపాడుతున్నప్పుడు తీసినవి! పిల్లల్ని ఎవరూ విసిరేయలేదని 2002లో సెనేట్ విచారణ తేల్చింది. అప్పటికి నవంబరు 10న ఓట్లు పడిపోయాయి, జాన్ హోవార్డ్ ప్రభుత్వం మళ్లీ గెలిచింది. అదే విచారణలో రక్షణ శాఖ ప్రచార విభాగం అధికారి ఇంకో సంగతి బయటపెట్టారు: వచ్చినవాళ్లను చూస్తే జనానికి జాలి కలిగేలా, వాళ్లూ మనలాంటి మనుషులే అనిపించేలా ఉన్న ఫొటోలు రాకూడదని మంత్రి ఆఫీసు చెప్పిందట. నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది ఇదే. అబద్ధం ఎప్పటికైనా బయటపడుతుంది, అసలు తీయని ఫొటోని ఎవరు బయటపెడతారు?

2013 సెప్టెంబరులో కొత్త ప్రభుత్వం వచ్చి పడవల్ని ఆపే పనిని సైన్యాధికారి చేతికిచ్చింది. అప్పటి ఇమ్మిగ్రేషన్ మంత్రి స్కాట్ మోరిసన్ వారానికోసారి ప్రెస్‌మీట్ పెట్టేవారు, పడవ వచ్చిందా, వెనక్కి పంపారా అని అడిగితే సముద్రం మీద జరిగే వాటి గురించి మాట్లాడం అనేవారు. కొన్ని నెలలకు ఆ ప్రెస్‌మీట్లూ పోయాయి. పడవల్లో వచ్చినవాళ్లను ఆస్ట్రేలియా ఉంచిన శిబిరాలున్న నౌరు పసిఫిక్ సముద్రంలో చిన్న దీవి, వేరే దేశం కాబట్టి వెళ్లాలంటే వీసా కావాలి. 2014 జనవరిలో అక్కడి ప్రభుత్వం విలేకరుల వీసా ఫీజును 200 ఆస్ట్రేలియా డాలర్ల నుంచి ఏకంగా 8,000కి పెంచింది, వీసా ఇవ్వకపోయినా ఆ డబ్బు తిరిగిరాదు. ఏ చిన్న పత్రిక పంపగలదు చెప్పండి?

ఇక మిగిలింది లోపలి మనుషులు. 2015 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన ఆస్ట్రేలియా బోర్డర్ ఫోర్స్ చట్టం ప్రకారం ఆ శిబిరాల్లో పనిచేస్తూ తెలుసుకున్నది బయట చెబితే రెండేళ్ల దాకా జైలు. సరిగ్గా అదే రోజు నలభై మందికి పైగా డాక్టర్లు, నర్సులు, టీచర్లు, ఇతర సిబ్బంది పేర్లతో సహా బహిరంగ లేఖ రాశారు, మేం మాట్లాడుతూనే ఉంటాం, చేతనైతే కేసు పెట్టండి అని. డాక్టర్లు కోర్టుకీ వెళ్లారు. 2016లో వైద్య సిబ్బందికి మినహాయింపు వచ్చింది, 2017లో చట్టాన్నే సవరించాల్సి వచ్చింది.

ఆస్ట్రేలియా ఇంకో శిబిరం పెట్టిన మానస్ దీవిలో (ఇది పపువా న్యూ గినీ దేశానిది) బెహ్రూజ్ బూచానీ అనే కుర్దు జర్నలిస్టు ఉండేవాడు. 2013లో ఇరాన్ నుంచి పారిపోయి వచ్చి అక్కడ చిక్కుకున్నాడు. దొంగచాటుగా సంపాదించిన ఫోన్‌లో వాట్సాప్ మెసేజ్‌లుగా రాసి బయటికి పంపేవాడు. అవే 2018లో పుస్తకమయ్యాయి, మరుసటి జనవరిలో దానికి విక్టోరియా రాష్ట్రపు పెద్ద సాహిత్య బహుమతి వచ్చింది. తీసుకోవడానికి మాత్రం ఆయన్ని ఆస్ట్రేలియాలో అడుగు పెట్టనివ్వలేదు.

ప్రశ్న: పడవల కబుర్లు పేపర్లో వస్తే మనుషుల్ని అక్రమంగా తరలించే ముఠాలకు ఉపయోగపడతాయని ప్రభుత్వం అంటుంది కదా. అది సబబు కాదా?
– అదే పాఠకురాలు

జవాబు: కొంత సబబే, కాదనను. 2001 అక్టోబరులో ఇండోనేషియా నుంచి బయల్దేరిన ఒకే ఒక్క పడవ మునిగి 353 మంది పోయారు, వాళ్లలో 146 మంది పిల్లలు. అలాంటివి ఆపాలని ఏ ప్రభుత్వమైనా అనుకోవాల్సిందే. నేవీ ఓడ ఈ రాత్రి ఎక్కడుందో చెప్పమని నేనూ అడగను. కానీ నౌరు టెంట్‌లో ఒక పిల్ల అన్నం మానేసిందనో, ఒక తల్లి మందులు మింగిందనో తెలిస్తే ముఠావాడికి ఏం లాభం? 2016 ఆగస్టులో గార్డియన్ పత్రికకు దొరికిన నౌరు శిబిరం రిపోర్టులు రెండు వేలకు పైనే. సిబ్బంది ఏ రోజుకారోజు రాసిపెట్టుకున్నవి. వాటిలో సగానికి పైగా పిల్లలకు సంబంధించినవే, శిబిరంలో పిల్లలు చూస్తే ఐదో వంతు కూడా లేరు. ఇవి దాచడం వల్ల ప్రాణాలు దక్కిందెవరికి? దక్కింది ప్రభుత్వం పరువే. భద్రత పేరు చెప్పినప్పుడల్లా ఈ ఒక్క ప్రశ్న వేయండి: ఫలానా సంగతి తెలిస్తే ఎవరికి నష్టం?

ప్రశ్న: మా అమ్మాయికి చదవమని ఏం చెప్పను?

జవాబు: సెనేట్ విచారణ నివేదిక ఆస్ట్రేలియా పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది. పెద్దది, టెన్షన్ పడకుండా ఫొటోల గురించిన భాగంతో మొదలుపెట్టమనండి. నౌరు రిపోర్టులు గార్డియన్ సైట్‌లో పేర్లు తీసేసి పెట్టారు. అవి మాత్రం రాత్రిపూట ఒంటరిగా ఉన్నప్పుడు చదవొద్దని చెప్పండి, పక్కన ఎవరైనా ఉంటే మంచిది.