అపార్ట్‌మెంట్ మీటింగ్‌కు జనం ఎప్పుడొస్తారంటే

"మీటింగ్ పెడితే ఎనిమిది మంది కూడా రారు, నిర్ణయం తీసుకున్నాక మాత్రం అందరూ తిడతారు, ఏం చేయాలి?" అని ఒకరు అడిగారు. నేను బెంగళూరులో మారతహళ్లి దగ్గర 72 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కు రెండేళ్లు సెక్రటరీగా చేశాను. మొదటి ఏడాది నాదీ ఇదే ఏడుపు. తప్పు చాలావరకు నాదేనని తర్వాత తెలిసొచ్చింది.

తడి చెత్తకు ఆకుపచ్చ బుట్ట, పొడి చెత్తకు సంచి, ఎందుకూ పనికిరానిదానికి ఎర్ర బుట్ట అని కర్ణాటక హైకోర్టు 2015లోనే చెప్పింది కదా. అది ప్రింట్ తీసి లిఫ్ట్‌లో అంటించి, పాటించకపోతే ఫైన్ అని కింద రాశాను. వారం తిరక్కుండా ఎవరో ఆ కాగితాన్నే తిరగేసి "బైక్ అమ్మబడును" అని రాసి అంటించారు.

తర్వాత 2024 ఎండాకాలం వచ్చింది. రెండు బోర్లలో ఒకటి ఎండిపోయింది, రెండోది దగ్గుతోంది. మాకు అప్పటికి కావేరి నీళ్ల కనెక్షన్ లేదు. కార్పొరేటర్‌ని పట్టుకుందామంటే, 2020 సెప్టెంబర్‌లో వాళ్ల గడువు ముగిశాక అప్పటిదాకా మళ్లీ ఎన్నికలే జరగలేదు. కమిటీవాళ్లం ఐదుగురం కూర్చుని, ట్యాంకర్లు తెప్పిద్దాం, ఫ్లాట్‌కు నెలకు 1,500 అదనం అని తేల్చేశాం. తెల్లారేసరికి గొడవ. ఇద్దరే ఉన్న ఇంటికీ, ఆరుగురు కుర్రాళ్లున్న ఇంటికీ ఒకటే లెక్కా అని. న్యాయమైన ప్రశ్నే.

ఆ ఆదివారం మీటింగ్ క్లబ్‌హౌస్‌లో కాకుండా సంప్ పక్కన పెట్టాం. అంతకుముందు అన్నీ ఇంగ్లీషులో నడిచేవి, పగలంతా ఇంట్లో ఉండే పెద్దవాళ్లు నోరు తెరిచేవాళ్లు కాదు. ఈసారి నీళ్లు వదిలే మనిషిని ముందు మాట్లాడమన్నాం. ఆయన కన్నడలో చెబుతుంటే పక్కవాళ్లు తెలుగులో, హిందీలో అందించారు. అప్పుడు కదిరి నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ అందుకుంది: "ట్యాంకరోడు నీళ్లు ఇంకా ఉండంగానే పైపు లాగేస్తాండాడు నాయనా. బాల్కనీలోంచి దినామూ చూస్తాండా."

పొద్దున పోయి రాత్రి వచ్చే మాకు ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు. మర్నాడు ఒక వెదురు కర్రకు సెంటీమీటర్ల గీతలు పెట్టి సంప్‌లో దించాం. మా సంప్ 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు. అంటే ఒక సెంటీమీటరుకు 200 లీటర్లు. 12 వేల లీటర్ల ట్యాంకర్‌కు 60 సెంటీమీటర్లు పెరగాలి. మోటార్ ఆపి కొలిస్తే 42 పెరిగింది. దాదాపు మూడోవంతు నీళ్లకు ఊరికే డబ్బు కడుతున్నామన్నమాట!

ఆ రోజు నుంచి ప్రతి ట్యాంకర్‌కూ ముందు ఎంత, తర్వాత ఎంత అని లిఫ్ట్ దగ్గర నల్లబోర్డు మీద రాయించాం. రాసే పని పిల్లలు లాక్కున్నారు. తర్వాతి ఆదివారం నలభై మందికి పైగా వచ్చారు. కుళాయిలకు నీటి ధార తగ్గించే ఏరేటర్లు పెట్టుకోమని బెంగళూరు జలమండలి అప్పట్లో ఆదేశించింది, మేం నోటీసు అంటించకుండానే చాలామంది పెట్టించుకున్నారు. ట్యాంకర్ అతను పూర్తిగా దింపడం మొదలుపెట్టాడు. రేటు సంగతి మాత్రం వేరు. 5 కిలోమీటర్ల లోపు 12 వేల లీటర్లకు 1,000 రూపాయలని ఆ మార్చిలోనే జిల్లా యంత్రాంగం ఖరారు చేసినా, మాకు అంతకు ఎప్పుడూ రాలేదు.

ఖర్చు పంపకం తేలడానికి మూడు ఆదివారాలు పట్టింది. సగం ఫ్లాట్ లెక్కన, సగం మనుషుల లెక్కన అని కుదిరింది. ఒక ఇంటివాళ్లు చివరిదాకా ఒప్పుకోలేదు. వాళ్ల అభ్యంతరాన్ని మినిట్స్‌లో వాళ్ల మాటల్లోనే రాశాం. డబ్బు మాత్రం కట్టారు.

కాబట్టి మీరు నిర్ణయం తీసుకుని మీటింగ్‌కు వెళ్లకండి. తేలని బిల్లు పట్టుకెళ్లండి. రోజూ ఆ పని చేసే మనిషితో మొదలుపెట్టించండి, కమిటీవాళ్లు ఆఖరున మాట్లాడండి. సెక్రటరీకి ఇది కష్టమే, నాకు నాలుక కరుచుకున్నంత పనయ్యేది. ఇంకోటి, కుర్చీలు వేయించండి. మేం మొదటిసారి మర్చిపోతే, ఆ కదిరి పెద్దావిడ గంటసేపు సంప్ గట్టు మీదే కూర్చోవాల్సి వచ్చింది.